నేను శుభ్రం చేసిన సాంచె చప్పుడు

రికార్డింగ్ పనిలోకి వద్దామనుకునే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. చెప్పులు విప్పకముందే అడుగుతారు: "సార్, ఏ మైకు కొనాలె?" ఇంతవరకు ఒక్కడంటే ఒక్కడు "సార్, ఏం వినాలె?" అని అడగలేదు. అడిగినవాడు దొరికిన రోజున వాడికి నేనే దండం పెట్టి, మా ఆవిడ చేత సర్వపిండి చేయించి, బస్టాండు దాకా మోసుకెళ్ళి దింపి వస్తాను.

సిరిసిల్లలో ఇరవై ఏడేళ్ళు పాటలు రికార్డు చేశాను. రిటైరయ్యానని నాకెవరూ శాలువా కప్పలేదు. కుడి చెవి తనంతట తానే రాజీనామా ఇచ్చింది, ఎడమ చెవి ఇవాళా రేపా అంటోంది. యాభై నాలుగేళ్ళకే దుకాణం మూసేశాను. ఎన్ని పాటలు చేశాను, ఎవరెవరు పొగిడారు అన్నది ఇక్కడ రాయను. ఒక్క ఆల్బమ్ గురించి రాస్తాను. దాని పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బీపీ లేస్తుంది. డాక్టరు వద్దన్నాడు. అయినా రాస్తాను.

మా సార్ చెప్పిన ముగ్గురు శత్రువులు

నాకు పని నేర్పింది కరీంనగర్‌లో క్యాసెట్ల దుకాణం నడిపిన వీరన్న సారు. ఆయన చెవి ఎలాంటిదంటే, పక్క వీధిలో చీమ తుమ్మినా రికార్డింగ్ ఆపించేవాడు. నేను చేరిన మొదటి రోజే మూడు వేళ్ళు చూపించాడు.

"చూడు రాజేశం, ఫ్యాను, కుక్క, సాంచె. గీ మూడు పాటలకు రావద్దు. వచ్చినయంటే నువ్వు పని నేర్వలేదన్నట్టు."

సాంచె అంటే మరమగ్గం. మా వైపు అందరూ అలాగే అంటారు. సారు కరీంనగర్‌లో ఉండబట్టి ఆ మాట తేలికగా అనేశాడు. నేను పోయి స్టూడియో పెట్టింది సిరిసిల్లలో. అక్కడ సాంచె చప్పుడు వద్దంటే చేపను తడవకుండా ఈదమన్నట్టే. పొద్దున్నా మాపునా ఊరంతా టకటకలే. మా ఊళ్ళో పసిపిల్లలు జోలపాటకు నిద్రపోరు, సాంచె నడిస్తే పోతారు. కరెంటు పోయి ఊరు నిశ్శబ్దమైతే లేచి ఏడుస్తారు.

నేను స్టూడియో గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టాను. జిల్లాలో కోళ్ళన్నీ ఆ ఏడు నా కోసమే గుడ్లు పెట్టాయి. పరుపులు కట్టాను, గోనెలు కట్టాను, మా పెళ్ళినాటి బొంత కట్టాను. గది చివరికి ఎంత ఇరుకైందంటే, తబలా లోపలికి రావాలంటే హార్మోనియం బయటికి పోవాలి. అయినా మైకు పెట్టగానే పాట వెనక సన్నగా టక, టక, టక.

కంప్యూటర్లు వచ్చాక నాకు విముక్తి దొరికింది. ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. ఉత్త చప్పుడును కాసేపు దానికి వినిపిస్తే గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏ పాట ఇచ్చినా అందులోంచి ఆ చప్పుడును బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేస్తుంది. మా స్టూడియో వెనక కిటికీకి ఆనుకుని కొండయ్య అనే ఆసామి కార్ఖానా ఉండేది. ఆసామి అంటే సేటు ఇచ్చిన నూలు తెచ్చుకుని, సొంత సాంచెల మీద గుడ్డ నేసి ఇచ్చే చిన్న యజమాని. ఒక మధ్యాహ్నం కిటికీ తెరిచి, మైకు బయటికి చాచి, ఇరవై రెండు సెకండ్ల చప్పుడు పట్టాను. ఆ ఫైలుకు 'దయ్యం' అని పేరు పెట్టాను. దయ్యాన్ని చూపించే దయ్యాన్ని వదిలించాలి కదా.

అది మొదలు, స్టూడియోలో ఏ పాట కంప్యూటర్‌లోకి ఎక్కినా ముందు ఆ ప్రోగ్రామ్ గుండా పోయి, కడుక్కుని వచ్చేటట్టు అమర్చాను. కడగని అసలు ఫైలును అదే చెరిపేస్తుంది. చోటు తక్కువ మరి. రాజన్న భజనలు, చర్చి పాటలు, బతుకమ్మ పాటలు, ఓట్ల పాటలు, అన్నీ అలా కడిగినవే. నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ అదే పద్ధతి నేర్పాను. సిరిసిల్లలో రికార్డయి సిరిసిల్ల వినపడని పాటలు చేసిన మొనగాణ్ణి నేనే. అప్పట్లో అది పొగడ్త.

నాలుగో షిఫ్టు

ఒకరోజు ముగ్గురు వచ్చారు. కొండయ్య కొడుకు శ్రీను, డ్రమ్ములూ డోలూ కొడతాడు. అతని స్నేహితుడు సామ్యేలు, గిటారు. చర్చి కోరస్‌లో పెరిగినవాడు. మూడో మనిషి శ్రీరాంపూర్ బొగ్గు బావుల నుంచి వచ్చిన రజిత, పాడుతుంది. బ్యాండు పేరు నాలుగో షిఫ్టు. సాంచెల మీదా బావుల్లోనూ మూడు షిఫ్టులే ఉంటాయి, నాలుగోది మాది అన్నారు.

వాళ్ళ పాటలు విని నాకు మతి పోయింది. చర్చిలోలాగా మూడు గొంతుల ఆలాపన మొదలవుతుంది. దాని మీదికి ఒగ్గుకథల డోలు వచ్చి పడుతుంది. గిటారు కోసుకుంటూ వస్తుంది. వాటి మధ్య రజిత, డ్యూటీ కూత విని అన్నం ముందు నుంచి లేచిపోయే తన బాపు మీద పాడుతుంది: "కూత పెట్టెనే కంపెనీ, కూడు సల్లారెనే అవ్వా." ఆ పిల్ల గొంతెత్తితే నా గోడల మీది గుడ్ల అట్టల్లోంచి కోడిపిల్లలు బయటికి వస్తాయనిపించింది.

"అంతా మంచిగుంది," అన్నాను. "మరి అడుగున తాళం ఏంది? డ్రమ్ములు ఎక్కడ్నో కుంటుతున్నయి."

శ్రీను నవ్వాడు. "గదే కాకా ముచ్చట. గది మా బాపు సాంచె నడక."

కొండయ్య కార్ఖానాలో మూల సాంచె ఒకటి కుంటేది. లోపల ఏదో పళ్ళచక్రం అరిగిపోయి, నాలుగు దెబ్బలు సరిగ్గా పడి ఐదోది కాస్త ఆగి పడేది. టక టక టక టక... టక. శ్రీను ఆ సాంచె పక్కన ఉయ్యాల్లో పెరిగాడు. డ్రమ్ములు పట్టేసరికి చేతులు ఆ నడకే నడిచాయి. ఆరు పాటలూ ఆ కుంటి నడక మీదే కట్టారు. ఆల్బమ్ పేరే కుంటి సాంచె. అడుగున అసలు సాంచె చప్పుడే ఉండాలని వాళ్ళ పట్టు.

తొందర ఎందుకంటే, కొండయ్య సాంచెలు తుక్కుకు పోతున్నాయి. ఆర్డర్లు లేవు, మోకాళ్ళు లేవు. చెవులు ఎప్పుడో పోయాయి. నలభై ఏళ్ళు సాంచెల మధ్య బతికినవాడికి మనిషి మాట ఎక్కడ వినబడుతుంది? సోమవారం లారీ వస్తుంది. ఆదివారం నేను మైకులు, చేతి రికార్డరు పట్టుకుని కార్ఖానాకు పోయాను.

పొద్దంతా ఆ ఒక్క సాంచెనే నడిపించాడు కొండన్న. కొత్త అల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు దాన్ని తుడిచాడు, నూనె వేశాడు. చివరికి ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, సాంచె పోతే పోనీ. దాని సప్పుడు ఉంటది గద?"

"ఉంటది కొండన్నా!" అని చెవిలో అరిచాను. "నాది గ్యారంటీ!"

ఆయన నా చేయి పట్టుకుని ఊపాడు. ఆ చేతికి నూనె ఉంది. నేను ప్యాంటుకు తుడుచుకున్నాను.

తిన్నటి గీత

సోమవారం లారీ వచ్చింది. గ్యాసు కట్టర్లతో సాంచెలను కోసి ఎక్కించుకుపోయారు. కొండన్న భివండిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆదివారం రికార్డింగును కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తెర మీద చూస్తే గీత తిన్నగా, ఎక్కడా గుట్ట లేదు, గుంత లేదు, కోనసీమ కాలువలా ఉంది. ఆహా, ఎంత శుభ్రంగా వచ్చిందిరా రాజేశం అనుకున్నాను. రాసుకోండి పిల్లలూ, అక్షరాలా అలాగే అనుకున్నాను. తర్వాత రికార్డరులోని కార్డు తుడిచేసి, శివరాత్రి భజనలు పట్టడానికి వేములవాడ పోయాను.

వారం తర్వాత ముగ్గురూ వచ్చారు. సాంచె వింటూ దాని మీద వాయించాలి. శ్రీను హెడ్‌ఫోన్ పెట్టుకుని కర్రలు ఎత్తి పట్టుకున్నాడు. ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

"షురూ చెయ్ కాకా."

"చేసిన గదరా."

"ఏం వస్తలేదు."

హెడ్‌ఫోన్ లాక్కుని నేను పెట్టుకున్నాను. నీళ్ళలో ఎక్కడో చేప తోకాడించినట్టు సన్నటి సవ్వడి. అంతే. పొద్దంతా మోగిన సాంచెను నా ప్రోగ్రామ్ దయ్యమనుకుని, నాకు పేరు తెచ్చిన అదే పనితనంతో, ఆనవాలు లేకుండా కడిగిపారేసింది. అసలు ఫైలు లేదు. కార్డు మీద శివుడున్నాడు. సాంచె ఏ కొలిమిలోనో కరుగుతోంది.

సామ్యేలు తల దించుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, నన్ను తిడుతున్నాడో తెలియలేదు. రజిత మాత్రం నేరుగా అడిగింది.

"సార్, గిన్నేండ్ల నుంచి గీ పని చేస్తుండ్రు. ఒక్కపారి ఇననే ఇనలేదా?"

వినలేదు. చూశాను. ఇరవై ఏళ్ళు దాటిన పనిమంతుణ్ణి, చెవులతో చేసే పనిని కళ్ళతో చేశాను. దానికి ఏ సాకూ లేదు, అయినా ఒకటి చెప్పాను.

"ఊర్ల వేల సాంచెలున్నయి. ఇంకోటి పట్టుదాం."

పట్టాం కూడా. పక్క వాడలో కొత్త సాంచె. రజిత రెండు చరణాలు పాడి ఆపేసింది. "గిది పోలీసోల్ల పరేడ్ లెక్క నడుస్తుంది సార్. నా పాట కాలు ఇరిగినట్టయితుంది." అయితే శ్రీనునే డ్రమ్ముల మీద ఆ నడక కొట్టమన్నాను.

"నేను కొడ్తె నా సప్పుడయితది కాకా. బాపుది గాదు. నువ్వు గ్యారంటీ ఇచ్చింది బాపుకు."

ఆ మాటకు కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీద నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది. వాళ్ళను పంపించేసి, నన్ను ఇంత మోసం చేసిన ఆ దయ్యం ఫైలును ముందు చెరిపేద్దామని కూర్చున్నాను. చెరిపే ముందు, జీవితంలో మొదటిసారిగా, దాన్ని విన్నాను.

టక టక టక టక... టక.

కొండన్న కార్ఖానా కిటికీ, నా కిటికీ ఆనుకునే ఉన్నాయి కదా. కిటికీకి దగ్గరున్నది మూల సాంచె. చంపడానికి తీసుకున్న కొలతల్లో అది బతికే ఉంది. ఇరవై రెండు సెకండ్లు. పద్నాలుగో సెకండు దగ్గర చిన్న 'టిక్' ఒకటి. మైకు గోడకు తగిలి ఉంటుందనుకున్నాను. చేయి అలవాటుగా తుడవడానికి పోయింది. పట్టి ఆపుకున్నాను.

కడిగే ప్రోగ్రామ్‌ను పీకేసి, ముగ్గురినీ మళ్ళీ పిలిచి, ఆ ఇరవై రెండు సెకండ్లనే కొస కొస కలిపి మళ్ళీ మళ్ళీ తిప్పాం. ఆరు పాటలూ దాని మీదే నిలబడ్డాయి.

విన్నవాళ్ళు, విననివాళ్ళు

ఇక ఆ ఆల్బమ్‌కు జరిగిన మర్యాద వినండి. కరీంనగర్‌లో ఫంక్షన్ హాలు తీసుకుని విడుదల చేశాం. మొదటి వరుసలో కూర్చున్న జానపదం పెద్దమనిషి, గిటారు తీసేస్తే బాగుంటుందన్నాడు. గిటారు కుర్రాళ్ళు, డోలు తీసేస్తే ఇది నిజంగా రాక్ అవుతుందన్నారు. చర్చి పెద్ద ఒకాయన ఆలాపన చక్కగా ఉంది గాని దాని పక్కన డోలేమిటన్నాడు. డోలు కొట్టే ముసలాయన డోలు బ్రహ్మాండం గాని పక్కన ఆ చర్చి రాగమేమిటన్నాడు. ఎవరి ముక్క వాళ్ళకు బంగారం, పక్కవాడి ముక్క తుక్కు. అందరి మాటా విని తీసేస్తే సీడీలో మిగిలేది అట్ట మీది ఫోటో ఒక్కటే. అందులోనూ సామ్యేలు జుట్టు తీసేయమన్నాడు ఒకడు.

హైదరాబాదులో ఒక పోటీకి పంపాం. ఫారంలో జానపదం, పాశ్చాత్యం, భక్తి అని మూడు గళ్ళు, ఒక్కదానికే టిక్కు పెట్టాలి. సామ్యేలు భక్తికి పెట్టాడు.

"అరేయ్, భక్తి ఏందిరా?"

"సాంచె బువ్వ పెట్టింది కాకా. బువ్వ పెట్టినదానికి మొక్కుడు భక్తి గాదా?"

ఫారం తిరిగొచ్చింది. తప్పు గడి అట! ముగ్గురు పిల్లలు ఒక దేశంలో ఒక్కసారే పుట్టే పాట తెస్తే, ఆ పెద్దలకు గడి తప్పడం కనిపించింది. గళ్ళు గీసింది మీరు. మేము పుట్టాక గీశారా, పుట్టకముందు గీశారా? మూడు గళ్ళ మనిషిని ఒక్క గడిలో కూర్చోబెట్టమంటే ఎక్కడ మడవాలి, కాళ్ళా, మెడా?

ఆదిలాబాద్‌లో మాత్రం ఒకటి జరిగింది. పత్తి సీజన్‌లో మార్కెట్ దగ్గర వేదిక కట్టి వాయించారు. వినడానికి వచ్చినవాళ్ళు హమాలీలు, జిన్నింగు మిల్లు మనుషులు. పాట అయ్యాక ఒంటినిండా పత్తి అంటుకుని తెల్లటి గొర్రెలా ఉన్న ఒకాయన వేదిక దగ్గరికి వచ్చాడు.

"దాదా, మీ మిషన్ జర కుంటుతుంది. చక్రం అరిగినట్టుంది, చూపెట్టుకోండి."

ఆ పెద్దమనిషిని నేను ఎత్తుకుని తిప్పాను. ఆయన భయపడి పారిపోయాడు.

తర్వాత ఒక టీవీ ఛానల్ పిలిచింది. పోయి అద్భుతంగా పాడి వచ్చారు. ప్రసారమైన రోజు మా వాడ వాడంతా మా ఇంట్లో కూర్చుంది. పాట మొదలైంది. రజిత ఉంది, గిటారు ఉంది, డోలు ఉంది. అడుగున సాంచె లేదు. నేల లేని ఇంట్లో మనుషులు తిరుగుతున్నట్టు ఉంది పాట. సంగతేమిటో తెలుసుకుందామని ఛానల్‌కు ఫోన్ చేశాను. సౌండు చూసే కుర్రాడు హుషారుగా మాట్లాడాడు.

"ఎన్కాల ఏదో మోటర్ సప్పుడు ఉండె సార్. మేమే తీసి క్లీన్ చేసినం. మీరు చెప్పకున్నా చేసినం."

నేను ఊగిపోయాను. "నీకు పని ఎవడు నేర్పిండురా? అది చప్పుడారా? ఒక మనిషి నలభై ఏండ్ల బతుకురా అది!"

"గట్లంటరేంది సార్? మా సార్ సిరిసిల్లల నేర్చుకున్నడు. రూలే ఉంటది. ఫ్యాను, కుక్క, సాంచె పాటలకు రావద్దు."

తిట్టడానికి తెచ్చుకున్న తిట్లన్నీ నోట్లోనే తిరిగి నన్నే కరిచాయి. ఆ కుర్రాడి గురువుకు ఆ రూలు నేర్పింది ఎవరో నేను వెతకనక్కర్లేదు. ఇన్నేళ్ళూ శుభ్రం శుభ్రం అని మేము తుడిచింది దుమ్ము కాదు. ఊరి చెమట చప్పుడు మురికి అని మాకు నమ్మకంగా ఎవరో చెప్పారు, మేము చీపురు పట్టుకున్నాం. అందరి మీదా కోపం రాస్తున్నాను కదా, నా వాటా కూడా రాసుకోండి. పెద్ద వాటానే.

గ్యారంటీ

కొండన్న భివండి నుంచి వచ్చాడని తెలిసి రెండు రోజులు ఆ వీధిలోకి పోలేదు. మూడో రోజు పొద్దున స్పీకరు పెట్టె ఒకటి భుజాన వేసుకుని పోయాను. ముందు తప్పు ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నాను. చెవిటివాడి దగ్గర తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"కొండన్నా, ఆదివారం పట్టిన సాంచె సప్పుడు నేను చెరిపేసిన."

"ఆఁ?"

"సాంచె సప్పుడు! చెరిపేసిన!"

"చెరువు నిండిందా?"

"నేనే! నీ సాంచెను! కడిగి పారేసిన!"

ఈ మూడో అరుపుకు ఎదురింటి వాళ్ళు, ఆ వెనకింటి వాళ్ళు, నీళ్ళ ట్యాంకరువాడు కూడా బయటికి వచ్చారు. వీధి మొత్తానికి నా పాపం తెలిసింది. కొండన్నకు కూడా. ఆయన నా భుజం మీది పెట్టె వైపు వేలు చూపించాడు.

"మరి పెట్టె ఎందుకు తెచ్చినవ్?"

మాట చాలించి పాట పెట్టాను. ఆయన చెవి ఒగ్గలేదు. లేచి వచ్చి, పెట్టె మీద అరచేయి ఆనించాడు. సాంచెలవాళ్ళు అంతే, చేత్తో వింటారు. రజిత గొంతు, గిటారు ఆయనకు అందాయో లేదో. టక టక టక టక... టక. ముఖం మారింది. రెండో చేయి కూడా పెట్టాడు.

హఠాత్తుగా గుమ్మం అదిరేలా అరిచాడు. "ఆపు! ఆపు ఆపు!"

ఉలిక్కిపడి ఆపాను. "ఏమైంది కొండన్నా?"

"పోగు తెగింది. ఇనొస్తలేదా? గంత పెద్దగ తెగితే!"

పద్నాలుగో సెకండు. ఆ 'టిక్'. పెద్దమనుషులు, పోటీ పెద్దలు, ఛానలు, మేమందరం విన్నాం. తెగిన పోగును విన్నది ఆయనొక్కడే. బొటనవేలు, చూపుడువేలు గాలిలో కలిపి పోగు కొసలు పురి పెట్టినట్టు నలిపాడు. వీధి అంతా చూస్తోంది.

"ఆఁ. ఇగ నడ్వనియ్."

నడిపించాను. ఇరవై రెండు సెకండ్లు తిరిగి అదే పోగు మళ్ళీ తెగింది. కొండన్న నా వైపు తిరిగాడు. ఆ కోపం ముందు నా కోపమెంత!

"గిదేం నూలు తమ్మీ? మాటిమాటికి తెగవట్టె. సేటు మోసం జేసిండు!"

మళ్ళీ ఆపాను. ఆయన ముడి వేసేదాకా ఆగాను.